డిక్కీ మీద రెండు చరుపులు

మా కారుకు బ్రేకులు రెండు. ఒకటి కారుతో పాటు వచ్చింది, నా కుడికాలి కింద ఉండేది. రెండోది మా బాపు ఊహలో ఉండేది, ఎడమవైపు సీటు ముందు. నేను ఏ మలుపునైనా కాస్త వేగంగా తిప్పానా, ఆయన కుడికాలు నేలలోకి దిగిపోయేది. కొన్ని నెలలకే అక్కడి రబ్బరు మ్యాటు అరిగి చిల్లు పడింది. కొత్త కారుకు అప్పుడే మ్యాటు చిరగడమేమిటని మెకానిక్ అడిగితే, ఎలుక కొరికిందని చెప్పాను. బాపు పక్కనే ఉన్నాడు. ఎలుక అనిపించుకున్నందుకు మీసం కింద నవ్వుకున్నాడు.

బ్రేకు ఒక్కటే కాదు, ఆ కారులో ఆయనకు ప్రయాణికులు కూడా ఉండేవారు. మేమిద్దరమే వెళ్తున్నా సరే, ఆయన లెక్కలో వెనకాల ఎవరో పైన కడ్డీ పట్టుకుని నిలబడి ఉండేవారు. నేను గట్టిగా బ్రేకు తొక్కగానే బాపు తల కూడా తిప్పకుండా "పడ్డడు" అనేవాడు. ఇంకా గట్టిగా తొక్కితే, "ఇద్దరు పడ్డరు. ఒకామె చేతుల పిల్ల ఉండె" అనేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. నిటారుగా కూర్చోవడానికే చోటు లేని కారులో నిలబడ్డవాడు ఎక్కడినుంచి వచ్చాడని నేను, నిలబడ్డవాడు పడకుండా నడిపితేనే డ్రైవింగని ఆయన. మాదన్నపేటలో మా ఇంటి నుంచి ఆయన పనిచేసే డిపో దాకా రోజూ ఇదే లొల్లి. ఆయన్ని అక్కడ దింపి, అఫ్జల్‌గంజ్‌లో మా బ్యాంకుకు పోయేదాన్ని.

బాపు సిటీ బస్సు డ్రైవరు. నా చిన్నప్పుడు, అరవైల చివర్లో, ఆయన నడిపింది మామూలు బస్సు కాదు, డబుల్ డెక్కర్. అఫ్జల్‌గంజ్‌లో బయల్దేరి సికింద్రాబాద్ స్టేషన్ దాకా పోయేది. బడి సెలవు రోజుల్లో అమ్మ నన్ను తీసుకొచ్చి ఆ బస్సెక్కించి పోయేది. పై అంతస్తులో అన్నిటికన్నా ముందు సీటు నాది. చెట్ల కొమ్మలు అద్దానికి తగిలి టపటపమనేవి. కింద రిక్షాలు, ఎడ్లబండ్లు, సైకిళ్ళు అన్నీ పక్కకు జరిగి మాకు దారి ఇస్తుంటే ఊరంతా మా బాపు మాట వింటోందని అనుకునేదాన్ని. బండి నడపాలన్న కోరిక నాకు ఎప్పుడు పుట్టిందని ఎవరైనా అడిగితే ఆ సీటులోనే పుట్టిందని చెప్తాను.

ఆ బస్సులో డ్రైవరు గది వేరుగా ఉండేది. లోపలి జనానికీ ఆయనకీ మధ్య మూసిన అద్దం. బస్సెక్కే మెట్లు ఎక్కడో వెనకాల. ఎవరు ఎక్కారు, ఎవరి కాలు ఇంకా నేల మీదే ఉంది, ఏ ముసలమ్మ కూరగాయల గంప లోపలికి లాక్కుంటోంది, ఇవేవీ డ్రైవరుకు కనపడవు. అవన్నీ చూసుకునేది కండక్టరు. అంతా ఎక్కాక ఆయన రెండుసార్లు గంట కొడితే బండి కదలాలి. ఒకసారి కొడితే ఆగాలి. గంట చెడిపోయిన రోజులే ఎక్కువ కాబట్టి, చాలాసార్లు అరచేత్తో బస్సు రేకు మీద రెండు చరుపులు చరిచి "రైట్ రైట్" అని అరిచేవాడు.

బాపు బండికి ఏళ్ళ తరబడి ఒకరే కండక్టరు. పురానాపూల్ దగ్గర ఉండే ఆయన్ని నేను చాచా అని పిలిచేదాన్ని. పాన్‌తో ఎర్రబడ్డ నోరు, గంట కన్నా పెద్ద గొంతు. ఒకరోజు చాచా సెలవు పెడితే ఎవరో కొత్తాయన వచ్చాడు. అఫ్జల్‌గంజ్ స్టాపులో జనమంతా ఎక్కారు, బస్సు నిండింది, కొత్త కండక్టరు టికెట్లు కొట్టడంలో మునిగి గంట సంగతి మరిచిపోయాడు. బస్సు కదలలేదు. జనం కేకలు మొదలుపెట్టారు. ఒకాయన దిగి ముందుకొచ్చి, డ్రైవరు గది తలుపు మీద కొట్టి, "క్యా మియాఁ, సోగయే క్యా? నిద్రవోయినవా?" అని అడిగాడు. బాపు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఎడమ చెవి కొంచెం వెనక్కి పెట్టి, మెడ వంచి, చూపు ముందు రోడ్డు మీద. పై నుంచి దిగి వచ్చి అద్దంలోంచి నేను చూసింది ఆ మెడనే. చివరికి ఎవరో కండక్టరును గుర్తుచేస్తే, ఆయన నాలుక కరుచుకుని గంట కొట్టాడు. అప్పుడు కదిలింది బండి.

ఆ సంగతి చాచాకు చెప్తే కడుపుబ్బ నవ్వాడు. "బేటీ, నీ బాపు పెద్ద ఉస్తాద్. గానీ నేను చెయ్యి కొట్టకుంటే ఆయన బండి బొమ్మ బండే" అన్నాడు. ఆ రాత్రి అన్నం తింటూ నేను బాపును అడిగాను, జనం అంత తిడుతుంటే ఎందుకు పోనివ్వలేదని. "ముందట ఉన్నది నేను చూస్త. ఎనుక ఉన్నది ఆయన చూస్తడు. ఆయన చూసిండని నాకెట్ల తెలుస్తది బిడ్డా, రైట్ అనకుంటే?" అన్నాడు. అంతకన్నా చెప్పడానికి అందులో ఏముందన్నట్టు పెరుగు కలుపుకున్నాడు.

ఎనభైలు మొదలవుతుండగా ఆయన కళ్ళకు శుక్లాలు వచ్చాయి. ఆపరేషను బాగానే జరిగింది. సోడాసీసా అడుగంత మందం కళ్ళజోడు వచ్చింది, దానితో పేపరులో చిన్న అక్షరాలు కూడా చదివేవాడు. కానీ బస్సు డ్రైవర్లకు పెట్టే పరీక్ష వేరు. పరీక్ష చేసిన డాక్టరు మంచివాడే. బస్సుకు ఇక కుదరదని, సొంత బండి ఏదైనా ఉంటే నిక్షేపంగా నడుపుకోవచ్చని నా ఎదుటే వివరంగా చెప్పాడు. బాపు మొదటి సగం మాత్రమే విన్నాడు. డిపోలో ఆయనకు ఒక కుర్చీ ఇచ్చారు, బయటికి పోయే బస్సుల టైము చూసే పని. జీతం తగ్గలేదు, గౌరవం తగ్గలేదు. మనిషి మాత్రం తగ్గిపోయాడు.

ఆ తర్వాత ఆయన బస్సెక్కలేదు. డిపోకు నడిచే పోయేవాడు. ఎండాకాలం తల మీద తడి తువ్వాలు వేసుకుని, పక్కనుంచి తన డిపో బస్సులే పోతుంటే, వాటివైపు చూడకుండా నడిచేవాడు. తెలిసిన డ్రైవర్లు ఆపి ఎక్కమన్నా ఎక్కలేదు. ఇంట్లో మాటలు తగ్గాయి. సాయంత్రం వచ్చి మంచం మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని చూస్తుండేవాడు. అమ్మ నా దగ్గరికొచ్చి గుసగుసగా, "చేతులు చూడు, ఇంకా పట్టుకున్నట్టే పెట్టిండు" అనేది. నిజంగానే ఆ వేళ్ళు స్టీరింగు మందానికి వంగి ఉండేవి.

నేను కారు కొనడానికి ఆ చేతులే సగం కారణం. మిగతా సగం నా పిచ్చి, దాచేదేముంది. ఆ రోజుల్లో రోడ్ల మీద ఉన్నవి పెద్ద పెద్ద బరువు కార్లు, గేరు మార్చాలంటే భుజం నొప్పి పుట్టేది. అప్పుడు వచ్చింది ఈ చిన్న కారు. ముందు పొట్టి ముక్కు, వెనకాల కోసేసినట్టు ఆగిపోయిన ఒళ్ళు, వెనక తలుపు మొత్తంగా పైకి లేచేది. బరువు లేదు కాబట్టి యాక్సిలరేటర్ మీద కాలు పెడితే చాలు, ముందుకు దూకేది. బ్యాంకులో ఉద్యోగులకు ఇచ్చే వాహనం అప్పు తీసుకుని, పేరు రాయించుకుని, చాలాకాలం ఎదురుచూసి తెచ్చుకున్నాను. ఎర్ర కారు. డ్రైవింగు స్కూలులో నేర్పిన మనిషి నన్ను ఆడపిల్లవు, రెండో గేరు దాటకు అన్నాడు. ఆ మాట విన్న రోజునే నాలుగో గేరుతో నాకు స్నేహం కుదిరింది.

కారు మా గల్లీలోకి వచ్చిన రోజు అమ్మ నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ముందూ వెనకా పసుపుబొట్లు పెట్టింది. వెనక తలుపు పైకి లేపి చూపిస్తే గల్లీ పిల్లలంతా కేరింతలు కొట్టారు. ఎదురింటి పెద్దమ్మ నోటి మీద చెయ్యి వేసుకుని, "ఏందే ఇది, ఎనుకకెళ్ళి నోరు తెరుస్తది!" అంది. ఆ నోటిని అమ్మ బాగా వాడుకుంది. ఆదివారం మాదన్నపేట మార్కెట్లో కొన్న గోబీపువ్వులూ ఆకుకూరల కట్టలూ దాంట్లో కుక్కేది. సోమవారం బ్యాంకుకు పోతే నా కారు మెంతికూర వాసన వేసేది.

నిమ్మకాయలు తొక్కించాల్సిన సమయం వచ్చినప్పుడు నేను తాళంచెవి బాపు చేతికి ఇచ్చాను. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసి, తిరిగి నాకే ఇచ్చాడు. "పనికిరావన్నరు కద బిడ్డా" అన్నాడు. అంతే. ఎంత బతిమాలినా, అమ్మ అలిగినా, డాక్టరు చెప్పిన రెండో సగం నేను వందసార్లు గుర్తుచేసినా, ఆ మాట దగ్గరే ఆగిపోయేవాడు. రోజూ పొద్దున తాళంచెవి ఆయన చాయ్ గ్లాసు పక్కన పెట్టేదాన్ని. ఆయన చాయ్ తాగి, గ్లాసు కడిగి, తాళంచెవి నా బ్యాగు మీద పెట్టేవాడు. నేను మాత్రం ఆశ వదల్లేదు. ఆయన చేతులు మళ్ళీ ఒకసారి స్టీరింగు మీద చూడాలి, నాకు కావలసింది అదొక్కటే. ఆయనకు పదవీ విరమణ దగ్గర పడుతోంది. ఆ కుర్చీలోంచే ఇంటికి వచ్చేస్తే ఇక జీవితాంతం కుర్చీ మనిషిగానే మిగిలిపోతాడని నా భయం.

ఒకటి మాత్రం సాధించాను. ఎడమ సీటులో కూర్చోవడానికి ఒప్పుకున్నాడు. అలా మొదలయ్యాయి మా ఆదివారాలు. తెల్లవారగానే బయల్దేరి ఆరాంఘర్ దాటి బెంగుళూరు రోడ్డెక్కేవాళ్ళం. ఆ వేళకు లారీలు కూడా తక్కువ. రెండు పక్కలా సీతాఫలాల పొదలు, బండరాళ్ళు, మధ్యలో నల్లటి రోడ్డు. నేను కాలు అదిమితే ఆ చిన్న ఇంజను పాట అందుకునేది. కిటికీలోంచి గాలి కొట్టి నా జడ బాపు ముఖం మీద పడుతుండేది. ఆయన దాన్ని పక్కకు తీసి, స్పీడోమీటరు ముల్లు వైపు వంగి చూసేవాడు. "నా బస్సు ఇంజనుకు సీలు ఉండె. ఎంత తొక్కినా నలభై దాటకపోయేది" అన్నాడు ఒకసారి. ముల్లు అప్పటికి దానికి రెట్టింపు దగ్గర ఉంది. ఆ మాటలో నేను అసూయ విన్నాను. ఎంత సంతోషించానో చెప్పలేను.

ఊరి బయట, చాలా కాలంగా విమానాలు దిగని ఒక పాత రన్‌వే ఉండేది. మోటారు పిచ్చి ఉన్నవాళ్ళు కొందరు అనుమతి తీసుకుని, అప్పుడప్పుడు అక్కడ ఆదివారం పోటీలు పెట్టేవాళ్ళు. ఆ సంగతి పెట్రోలు బంకులో తెలిసింది. పెద్ద రేసేమీ కాదు. తారు డ్రమ్ములు, గడ్డిమోపులు, పాత టైర్లు పెట్టి దారి గీసేవారు. ఒక్కో బండీ ఒంటరిగా పోవాలి. జెండా పడగానే బయల్దేరి, నేరుగా చివరిదాకా పోయి, డ్రమ్ముల మధ్యలోంచి మెలికలు తిరిగి, వెనక్కి రావాలి. టైము చూసేవాళ్ళు టైము చూస్తారు. పెద్ద కార్ల వాళ్ళు నా కారును చూసి నవ్వారు. నేను మెలికలు తిరిగి వచ్చాక నవ్వడం మానేశారు. బరువు కార్లు డ్రమ్ముల దగ్గర ఒళ్ళు ఊపుకుంటూ జారుతుంటే, నాది మాత్రం నేలను పట్టుకుని తిరిగేది. ఆ తర్వాత ఒక్క పోటీ కూడా వదల్లేదు.

బాపు, అమ్మ నాతో వచ్చేవాళ్ళు. అమ్మకు అదొక వనభోజనం. టిఫిన్ క్యారియర్‌లో పులిహోర, ఒక పాత దుప్పటి, గొడుగు. బాపు గడ్డిమోపు మీద కూర్చుని ప్రతి బండినీ తినేసేటట్టు చూసేవాడు. నేను వచ్చి దిగగానే తీర్పు చెప్పేవాడు. టైము ఎంతైనా ఆయనకు పట్టదు, ఎంతమంది పడ్డారన్నదే లెక్క.

ఆ రోజు, చలికాలపు ఆదివారం, నేను నా జన్మలో నడపనంత బాగా నడిపాను. అప్పటిదాకా వచ్చిన బండ్లన్నిటికన్నా నా టైమే మంచిది. జనం చప్పట్లు కొట్టారు. జెండా ఊపే ఆయన, తెల్ల గిరజాల మీసాలతో పటాలం నుంచి వచ్చినట్టుండే పెద్దమనిషి, వచ్చి చెయ్యి కలిపాడు. నేను ఎగురుకుంటూ బాపు దగ్గరికి పోయాను.

"ముగ్గురు పడ్డరు" అన్నాడు. "ఆ మూల మీద డ్రమ్ము కాడ తొక్కినవ్ చూడు, అక్కడ. ముందే గేరు దించుంటే బ్రేకే అవసరం లేకుండె."

నాకు చిర్రెత్తుకొచ్చింది. నా కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లో అందరికీ తెలుసు, కానీ ఆ రోజు అది ముక్కు దాటి చేతిలోకి వచ్చింది. తాళంచెవి ఆయన ఒళ్ళోకి విసిరేశాను. "అంత తెలిస్తే నువ్వే నడుపు! మాటలు చెప్పుడు కాదు, నడిపి చూపియ్యి!" అన్నాను. నలుగురూ తిరిగి చూశారు. అమ్మ పులిహోర గరిటె అలాగే పట్టుకుని ఉండిపోయింది. అన్న మరుక్షణమే నా నోరు నాకే చేదుగా అయింది.

బాపు తాళంచెవి వైపు చూశాడు. నా వైపు చూశాడు. భుజం మీద తువ్వాలు సర్దుకుని లేచాడు. "ఇంకొకరు నడపనిస్తరా?" అని మీసాల పెద్దమనిషిని అడిగాడు, నన్ను కాదు. ఆయన లైసెన్సు ఉందా అన్నాడు. అది బాపు చొక్కా జేబులో ఎప్పుడూ ఉండేదే, చొక్కా మారితే దానితో పాటు మారేది. చూపించాడు. హెల్మెట్ ఇచ్చారు. కళ్ళజోడు మీదుగా అది ఎక్కలేదు. కళ్ళజోడు తీసి, హెల్మెట్ పెట్టుకుని, సందులోంచి కళ్ళజోడు దూర్చి చెవులకు తగిలించేసరికి చాలాసేపు పట్టింది. ఎవరో నవ్వారు. అమ్మ వాళ్ళవైపు చూసిన చూపుకు ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

కుడివైపు తలుపు తీసుకుని కూర్చున్నాడు. సీటు ముందుకు జరుపుకున్నాడు. తువ్వాలుతో అద్దం లోపలివైపు తుడిచాడు. వెనక చూసే అద్దం తనకు సరిపోయేలా తిప్పుకున్నాడు. తర్వాత రెండు చేతులూ స్టీరింగుకు ఆనించి, కళ్ళకద్దుకున్నాడు. కారును గీత దాకా తెచ్చి నిలిపాడు, ఇంజను తిరుగుతూనే ఉంది. నేను పక్కన తాడు అవతల నిలబడ్డాను. ఒక్కో బండిలో ఒక్కరే ఉండాలి, నేను ఎక్కడానికి వీల్లేదు.

జెండా పడింది.

కారు కదలలేదు.

మీసాల పెద్దమనిషి జెండా ఎత్తి మళ్ళీ దించాడు. "చలో, చలో!" అన్నాడు. కారు కదలలేదు. వెనక వరసలో ఉన్న బండి ఒకటి హారన్ కొట్టింది. జనంలో గుసగుసలు. "బుడ్డా డర్ గయా" అని ఎవరో అన్నారు. నిజంగానే భయపడ్డాడు, చెయ్యి పోయింది, నేనే నలుగురిలో ఇక్కడికి ఈడ్చుకొచ్చి కూర్చోబెట్టాను. ఇప్పుడు గనక దిగిపోతే ఇక ఈ జన్మలో తాళంచెవి ముట్టుకోడు, ఎడమ సీటులో కూడా కూర్చోడు. ఆదివారాలు కూడా పోతాయి. దేవుడా, కదలనియ్యి, మెల్లగానైనా సరే కదలనియ్యి అని మొక్కుకున్నాను.

తాడు పట్టుకుని ముందుకు వంగి చూశాను. అప్పుడు కనపడింది. హెల్మెట్ కింద ఆయన మెడ కాస్త వంగి ఉంది. ఎడమ చెవి వెనక్కి పెట్టి ఉంది. చూపు ముందు రోడ్డు మీదే. కుడికాలు యాక్సిలరేటర్ మీద, ఎడమ కాలు క్లచ్ మీద, గేరు వేసే ఉంది. భయపడ్డ మనిషి మెడ కాదది. అఫ్జల్‌గంజ్ స్టాపులో, జనం తలుపు మీద కొడుతుంటే, చేతులు కట్టుకుని కూర్చున్న మెడ అది.

తాడు కింద నుంచి దూరి పరుగెత్తాను. ఎవరో ఆగమని అరిచారు. కారు వెనక్కి పోయి అటు చూశాను, ఇటు చూశాను, ఒకసారి వంగి చక్రాల వైపు కూడా చూశాను. చాచా అలాగే చూసేవాడు. ఎవరూ లేరు, ఏమీ లేదు. అరచేత్తో డిక్కీ మీద రెండు చరుపులు చరిచాను.

"రైట్ రైట్!"

రైట్ అన్న రెండో మాట నా నోట్లో ఉండగానే కారు నా చేతి కింద నుంచి వెళ్ళిపోయింది. అరచెయ్యి గాల్లోనే మిగిలింది. చక్రాలు గీరుకోలేదు, ఇంజను కీచుమనలేదు. గేర్లు ఒకదానిలోంచి ఒకదానిలోకి నెయ్యిలో వేలు పెట్టినట్టు మారాయి. నేరుగా ఉన్న దారిలో ఆ ఎర్ర చుక్క చిన్నదైపోతూ పోయింది. ఆ శబ్దం నాకు తెలుసు, నాలుగో గేరులో కాలు పూర్తిగా దించితే తప్ప ఆ ఇంజను అలా పాడదు. నలభై దగ్గర సీలు వేసిన ఇంజనుతో అన్నేళ్ళు ఊరు తిప్పిన మనిషి, ఆ రోజు సీలు లేకుండా పోయాడు. నేను ఏడుస్తున్నాను. రన్‌వే మధ్యలో, అడ్డంగా నిలబడి, ముక్కు చీదుకుంటూ ఏడుస్తున్నాను. మీసాల పెద్దమనిషి నన్ను భుజం పట్టుకుని పక్కకు తప్పించాడు.

మూల మీద డ్రమ్ము దగ్గర వెనక ఎర్రదీపాలు వెలగలేదు. చెప్పినట్టే, ముందే గేరు దించాడు. మెలికల్లో కారు తల ఊపలేదు. పసిపిల్లను నిద్రపుచ్చుతున్నట్టు తిప్పి, తిరిగి నేరుగా ఉన్న దారిలోకి వచ్చాక మళ్ళీ కాలు దించాడు. గీత దాటి వచ్చి ఎక్కడ ఆపాడో తెలుసా? అమ్మ నిలబడ్డ చోట. ఎడమవైపు తలుపు సరిగ్గా అమ్మ ముందు, ఒక అడుగు వేస్తే ఎక్కేటట్టు.

అమ్మ కారులోకి వంగి, గంభీరంగా అడిగింది. "ఎందరు పడ్డరు?"

"ఎవ్వలు పడలె" అన్నాడు బాపు. కళ్ళజోడు మసకబారింది. హెల్మెట్ తియ్యకుండా దాన్ని ఎలా తుడవాలో తెలియక అలాగే కూర్చున్నాడు.

నేను కిటికీ దగ్గరికి పోయాను. ఆయనే అన్నాడు. "డిపోల కూసున్నప్పటి సంది నాకు ఎవ్వలు రైట్ అనలే బిడ్డా." కోపంగా అనలేదు, నిష్ఠూరంగా అనలేదు. వాన పడలేదని చెప్పినట్టు చెప్పాడు. నేను అన్నాళ్ళూ నడుపు నడుపు అని బతిమాలాను. తాళంచెవి ఇచ్చాను, డాక్టరు మాట చెప్పాను. ఆయనకు కావలసింది అదేదీ కాదు. వెనకాల నేను చూస్తున్నాను, నువ్వు పో అని ఒక్కరు చెప్తే చాలు.

మొదట పోయిన టైమంతా కలుపుకుని, ఆ రోజు ఆయన టైము అందరికన్నా అధ్వాన్నం. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఇంటికి ఆయనే నడిపాడు. నా సొంత కారులో వెనక సీటులో కూర్చోవడం నాకు అదే మొదటిసారి. పులిహోర గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బాపు నేరుగా ఇంటికి పోనివ్వకుండా పురానాపూల్ వైపు తిప్పాడు. చాచా ఇంటి ముందు ఆపి హారన్ కొట్టాడు. చాచా లుంగీతో బయటికొచ్చి, స్టీరింగు వెనక ఉన్నది ఎవరో చూసి, నోట్లో పాన్ అలాగే పెట్టుకుని నిలబడిపోయాడు. తర్వాత కారు చుట్టూ తిరిగి, పైకప్పు మీద చెయ్యి వేసి, "ఉస్తాద్, ఊపర్ కా మంజిల్ కిధర్ హై? పై అంతస్తు ఏది?" అన్నాడు. ఇద్దరూ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నారు. మేము బయల్దేరేటప్పుడు డిక్కీ మీద రెండు దెబ్బలు పడ్డాయి, కారంతా అదిరింది. ఆ చెయ్యి నాది కాదు కదా.

మర్నాటి నుంచి తాళంచెవి చాయ్ గ్లాసు పక్కనుంచి మాయమయ్యేది. డిపోకు ఆయనే నడిపేవాడు, అక్కడ దిగి నాకిచ్చేవాడు. నేను కుడి సీటులోకి మారాక, ఆయన కారు వెనక్కి పోయి రోడ్డు రెండు వైపులా చూసి రెండు చరుపులు చరిచాకే గేరు వేసేదాన్ని. పదవీ విరమణ రోజు దండలు మెడలోనే ఉంచుకుని, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, తానే కారు నడుపుకుంటూ గల్లీలోకి వచ్చాడు. కుర్చీ మనిషిగా రాలేదు. అందుకు ఆ ఎర్ర కారుకు, ఆ పాత రన్‌వేకు, నన్ను తాడు దాటనిచ్చిన మీసాల పెద్దమనిషికి నేను ఈరోజుకీ రుణపడి ఉన్నాను. నా కోపానికి కూడా కొంచెం.

ఆ రోజు తర్వాత జరిగిన పోటీ సంగతి చెప్పి ఆపుతాను. అందరూ నా మీద ఆశ పెట్టుకున్నారు, క్రితంసారి టైము అలాంటిది మరి. గీత దగ్గర కారు నిలిపాను. గేరు వేశాను. జెండా పడింది. నేను కదలలేదు. కావాలని ఆగలేదు, కాలే లేవలేదు. అద్దంలో చూస్తే బాపు గడ్డిమోపు మీద నుంచి లేచి వస్తున్నాడు. తొందరేమీ లేదు ఆయనకు. తాడు ఎత్తి, కిందనుంచి దూరి, కారు వెనక్కి వచ్చి అటు చూశాడు, ఇటు చూశాడు. మోకాలు పట్టుకుని వంగి చక్రాల కింద చూశాడు. జనం హాహాకారాలు చేస్తున్నారు. టైము చూసే ఆయన తల పట్టుకున్నాడు. నేను స్టీరింగు పట్టుకుని, మెడ వంచి, చెవి వెనక్కి పెట్టి కూర్చున్నాను. అంత హాయిగా నేను ఏ గీత దగ్గరా కూర్చోలేదు.

డిక్కీ మీద రెండు చరుపులు పడ్డాయి. "రైట్ రైట్!"

టైములో అందరికన్నా ఆఖరున వచ్చాను. మీసాల పెద్దమనిషి జెండా చంకలో పెట్టుకుని కిటికీ దగ్గరికొచ్చాడు. "ఏమమ్మా, మీ ఇంట్లో అందరూ ఇంతేనా?" అని అడిగాడు.

"అవును సార్, అందరం ఇంతే" అన్నాను.